చుక్క రక్తంలో టైఫాయిడ్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టరును కాను, ఇంజనీరును. రక్తపరీక్ష పరికరాలు తయారుచేయడం నా వృత్తి. "టైఫాయిడో కాదో ఐదు నిమిషాల్లో తేల్చే పరీక్ష చేయలేరా?" అని మన మాణికేశ్వర్ నగర్ వాళ్ళు నన్ను అడుగుతుంటారు. రోజు కూలి మీద నడిచే ఇంట్లో జ్వరమొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి.

ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు 500 కోట్ల ఎర్రకణాలుంటాయి. టైఫాయిడ్ రోగిలో అంతే రక్తానికి బాక్టీరియా ఒకటీ అరా మాత్రమే. వేలి నుంచి తీసిన చుక్కలో అది పడకపోవచ్చు. అందుకే ఎక్కువ రక్తం తీసి, కల్చర్ సీసాలో వేసి, క్రిమి పెరిగేదాకా రోజుల తరబడి ఆగుతారు.

మరి త్వరగా వచ్చే విడాల్ పరీక్ష? అది 1896 నాటిది. శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలనే అది చూస్తుంది. అవి పాత జ్వరానివి కావచ్చు, వేరే జబ్బువీ కావచ్చు. మొదటి వారంలో అసలు కనబడకపోవచ్చు. అడుగుజాడ చూసి దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడని చెప్పలేం కదా!

టీబీ విషయంలో దేశమంతా ఈ పాఠం నేర్చుకుంది. రక్తంలో యాంటీబాడీలు చూసే టీబీ కిట్లు విరివిగా అమ్ముడయ్యాయి. లేని జబ్బును ఉందని, ఉన్నదాన్ని లేదని చెబుతున్నందున వాటిని వాడవద్దని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2012లో మన ప్రభుత్వం నిషేధించింది. ఇప్పటి సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు తెమడలో టీబీ క్రిమి డీఎన్ఏనే వెతికి, గంటల్లో ఫలితమిస్తాయి.

టైఫాయిడ్‌లోనూ దారి అదే. ఎక్కువ రక్తంలోంచి ఆ ఒక్క క్రిమిని ఏరి పట్టుకోవాలి. ఇంజనీర్లకు ఇంకా పని మిగిలే ఉంది.

రెండు మనవులు. జ్వరం మూడు రోజులు దాటితే, యాంటీబయాటిక్ మింగకముందే కల్చర్ అవసరమేమో డాక్టరును అడగండి. మందు పడ్డాక క్రిమి దొరకడం కష్టం. రెండోది, మనకు ఇంత దగ్గరలో ఉస్మానియా, ఐఐసీటీ, సీసీఎంబీ ఉన్నాయి. మన బడి పిల్లలు వాటి ప్రహరీగోడలు చూస్తూ పెరుగుతున్నారు. ఏటా ఒక్కసారైనా వాళ్ళను అనుమతి తీసుకుని లోపలికి తీసుకెళ్ళే బాధ్యత మన సంఘం తీసుకోవాలి. మిగిలిన పని పూర్తిచేసేవాళ్ళు వాళ్ళలోనే ఉండవచ్చు.