ఎడారిలో తప్పిపోయినవాడిని వెతికేదెవరు?

(ఎల్‌బీ నగర్ రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర మాట్లాడాల్సిన సభలో ఎడారి ముచ్చట ఏమిటని కొందరు అడిగారు. బోర్లు ఎండి, వడ్డీ పెరిగి, గల్ఫ్‌కు పోయి స్టీరింగు పట్టినవాడు మన రైతు కొడుకే. అందుకే మాట్లాడుతున్నాం.

2024 ఆగస్టులో కరీంనగర్ యువకుడొకరు సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో చనిపోయారు. టెలికాం కంపెనీలో పని. సూడాన్ దేశస్థుడైన తోటి కార్మికుడితో బండిలో వెళ్లారు. దారి చూపే జీపీఎస్ పనిచేయలేదు. బండిలో ఇంధనం అయిపోయింది, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. నాలుగు రోజులకు బండి పక్కనే, నమాజు చాపల మీద ఇద్దరి శవాలు దొరికాయి.

బండి పక్కనే దొరికారన్నది గమనించండి. ఎడారిలో దారి తప్పితే బండి వదిలి నడవకూడదు. మనిషికన్నా బండి దూరం నుంచి కనబడుతుంది, కాస్త నీడా ఇస్తుంది. వాళ్లు చేయాల్సింది వాళ్లు చేశారు. వెతికేవాళ్లే ప్రాణం ఉండగా చేరలేదు.

ఈ ఎల్‌బీ నగర్ రింగురోడ్డు నుంచి విజయవాడ వైపు పోయిన లారీ కనబడకపోతే ఏం చేస్తాం? పంతంగి టోల్‌గేటు దాటిందో లేదో కనుక్కుంటాం. దాబాల దగ్గర అడుగుతాం. ఎదురొచ్చే డ్రైవర్లకు ఫోన్ చేస్తాం. రబ్ అల్ ఖాలీ దాదాపు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణకు ఆరు రెట్లకు కొంచెం తక్కువ. ఇసుక దిబ్బల్లో టోల్‌గేటు లేదు, దాబా లేదు. ఏ బండి, ఏ దారి, ఎప్పటికి తిరిగి రావాలి అన్నది కంపెనీకే తెలుస్తుంది. కంపెనీ నోరు విప్పకపోతే రాయబార కార్యాలయం కూడా ఎక్కడని వెతుకుతుంది?

పైగా అక్కడ 'హురూబ్' అని ఒకటుంది. కార్మికుడు పారిపోయాడని యజమాని, అంటే కఫీల్, సర్కారుకు రాయించడం. ఒక్కసారి ఆ మాట పడితే, వెతకాల్సిన మనిషి కాస్తా పట్టుకోవాల్సిన మనిషి అవుతాడు. మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. 2021 మార్చిలో సౌదీ కఫాలా పద్ధతిని కొంత సడలించింది గానీ ఇంటి డ్రైవర్లను, గొర్రెల కాపరులను, తోటమాలులను అందులో చేర్చలేదు. పల్లెల నుంచి పోయేవాళ్లలో ఎందరో చేసేది ఆ పనులే!

ఇక ఇంటి సంగతి. శవం దొరికిన ఇంటికి ఏడుపన్నా ఉంటుంది. మనిషే దొరకని ఇంటికి అదీ లేదు. మన సాక్ష్య చట్టం ప్రకారం 7 ఏళ్లు జాడ లేకపోతే గానీ చనిపోయినట్టు భావించరు. అంతవరకు మరణ పత్రం కష్టం. పత్రం లేకపోతే బీమా రాదు, పట్టా మార్పిడి కాదు, రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్ మృతులకు ప్రకటించిన 5 లక్షల సాయమూ రాదు. వడ్డీ మాత్రం ఆగదు. ఆ ఇంటి కోడలు బొట్టు తీయాలో ఉంచాలో చెప్పడానికి వచ్చే పెద్దమనుషులు బ్యాంకుకు తోడు రమ్మంటే రారు.

మనం అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఎడారిలోకి పంపే బండికి శాటిలైట్ ఫోన్ ఉండాలి, నీళ్లుండాలి. చెప్పిన వేళకు తిరిగి రాకపోతే అదే రోజు పోలీసులకూ మన రాయబార కార్యాలయానికీ కంపెనీ తెలపాలి. వెతికి చూడకుండా హురూబ్ పెట్టకూడదు. ఢిల్లీ సర్కారు ఆ దేశాలతో చేసుకునే ఒప్పందాల్లో ఈ మాటలు రాయించాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. విజిట్ వీసా మీద పనికి పోవద్దని చెప్పండి. ఈమైగ్రేట్‌లో నమోదై పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాద మరణానికి 10 లక్షలు. పాస్‌పోర్టు, వీసా, ఇఖామా నకళ్లు ఇంట్లో ఉంచుకోవాలి. కంపెనీ పేరు, గదిలో ఉండే ఇద్దరి నంబర్లు భార్యకు తెలిసి ఉండాలి, ఏజెంటుకు కాదు. ఫోన్ ఆగిపోతే వారం చూద్దామనుకోకుండా విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు వేసి నంబరు తీసుకోండి.

వచ్చే నెల నుంచి ప్రతి గ్రామ కమిటీ ఒక రిజిస్టరు పెడుతుంది. మీ ఊరి నుంచి ఎవరెవరు ఏ దేశంలో ఏ బండి నడుపుతున్నారో రాయించండి. ఆడవాళ్లనే రాయమందాం, ఫోన్ వచ్చేది వాళ్లకే.