ఓరుగల్లు కోటలో మన నడక

(ద్వారకా తిరుమలలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున మేము 43 మందిమి ఓరుగల్లు కోట చూసి వచ్చాము. అక్కడ ఏం చూశామో, ఏం విన్నామో, మన పిల్లల కోసం మనం ఏం చేయాలని అనుకున్నామో నాలుగు మాటలు చెప్పమని పెద్దలు అడిగారు. మా అందరి తరఫున చెబుతున్నాము. తప్పులుంటే సరిదిద్దండి.

ఇక్కడి నుంచే, ఈ కొండ కింద నుంచే రాత్రి బస్సులో బయలుదేరాము. జంగారెడ్డిగూడెంలో బుట్టాయగూడెం వాళ్ళు, జీలుగుమిల్లి వాళ్ళు ఎక్కారు. కుకునూరు, వేలేరుపాడు వాళ్ళు అశ్వారావుపేటలో కలిశారు. సత్తుపల్లి, ఖమ్మం దాటి తెల్లవారేసరికి వరంగల్ చేరాము. బస్సులో పదో తరగతి పిల్లలూ ఉన్నారు, డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దలూ ఉన్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్ళు సెలవు పెట్టి వచ్చారు.

కోట అంటే కొండ మీద ఉంటుందని మాలో చాలామంది అనుకున్నాము. ఓరుగల్లు కోట నేల మీదే ఉంది. అసలు అది ఒక ఊరు. కాకతీయుల రాజధాని ముందు హనుమకొండలో ఉండేది. గణపతిదేవుడి కాలంలో ఇక్కడ కోట కట్టడం సాగింది. ఆయన కూతురు రుద్రమదేవి దాన్ని పూర్తి చేసి, రాతిగోడ ఎత్తు పెంచింది. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా, ఆ తరువాత రుద్రమ 1289 దాకా, ఆమె మనవడు ప్రతాపరుద్రుడు 1323 దాకా పాలించారు. ఊరి మధ్య ఉన్న ఒంటిరాతి గుట్ట వల్లనే ఓరుగల్లు అనే పేరు వచ్చిందంటారు. ఏకశిలా నగరం అన్నా అదే.

మా గైడు వరంగల్ కుర్రాడు, చదువుకున్నవాడు. ముందు మట్టిగోడ దగ్గర బస్సు ఆపించి, "ఇక్కడి నుంచి నడుద్దాం, బస్సులో పోతే కోట తెలియదు" అన్నాడు. మంచి మాట. ఆ మట్టిగోడను బస్సులోంచి చూస్తే చెట్లు మొలిచిన చెరువు కట్ట అనుకుంటాము. ఆ వలయం అడ్డంగా సుమారు రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది. దాని చుట్టూ కందకం. కందకం తవ్విన మట్టినే గోడగా పోశారు. 1309లో మాలిక్ కాఫూర్ ఢిల్లీ నుంచి సైన్యంతో వచ్చినప్పుడు అడ్డుపడింది ఈ మట్టే. అమీర్ ఖుస్రో శత్రుపక్షం కవి అయినా ఈ మట్టిగోడ గట్టితనాన్ని మెచ్చుకుంటూ రాశాడు.

అది వినగానే మా పెద్దాయన ఒకరు కిందికి వంగి మట్టి చేతిలోకి తీసుకున్నారు. "ఇంత మట్టి ఎవరు తవ్వారు బాబూ?" అని అడిగారు. గైడు కొంచెం ఆలోచించి, "పేర్లు తెలియవు తాతా" అన్నాడు. మేము ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని నడిచాము.

తరువాత రాతికోట. దాని వలయం అడ్డంగా కిలోమీటరు పైచిలుకు. పెద్ద పెద్ద నల్లరాళ్ళు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ద్వారంలో దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. ఏనుగు పరుగున వచ్చి తలుపును గుద్దకుండా ఆ మలుపు పెట్టారని గైడు చెప్పాడు. గోడ లోపలి వైపున వరసగా మెట్లున్నాయి. కబురు అందగానే సైనికులు ఎక్కడివాళ్ళు అక్కడే పైకి ఎక్కడానికి ఆ ఏర్పాటు. మా పిల్లలు ఆ మెట్లెక్కి చూసి, "లోపల ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి" అని కేకలేశారు. నిజమే. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అని ఇప్పటికీ ఆ గోడల మధ్య జనం కాపురం ఉంటున్నారు. ఒక ఇంటివాళ్ళు మాకు మంచినీళ్ళిచ్చారు. ఏ ఊరు అని అడిగితే చిన్న తిరుపతి దగ్గర అన్నాము. వాళ్ళకు వెంటనే తెలిసిపోయింది.

నడిమధ్యలో కీర్తి తోరణాలు. నాలుగు దిక్కులా నాలుగు. వాటి మధ్య ఉన్న స్వయంభూ శివాలయం 1323లో ఢిల్లీ సైన్యం కోట పట్టుకున్న తరువాత కూలిపోయింది. తోరణాలు మాత్రం నిలబడ్డాయి. ఇప్పటి తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే. అక్కడ గైడు మా ప్రాంతం ఏదో కనుక్కుని, "రుద్రమదేవి భర్త మీవైపు వాడే, నిడదవోలు చాళుక్య వీరభద్రుడు" అన్నాడు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన కుర్రాళ్ళు రోజూ రైల్లో దాటే స్టేషను పేరు అక్కడ వినబడేసరికి చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఇంటర్ చదివే మన పిల్ల ఒకతి అడిగింది. "అన్నా, సమ్మక్క తల్లి ఈ రాజులతోనే కదా పోరాడింది? ఆమె గురించి ఇక్కడ ఎక్కడా లేదేం?"

గైడు ఇబ్బంది పడ్డాడు, కానీ దాటవేయలేదు. "చెల్లీ, కాకతీయుల శాసనాల్లో ఆ పోరాటం కనబడదు. శాసనంలో ఉన్నదే చెప్పడం మాకు అలవాటు. మేడారం పోతే అక్కడ చెబుతారు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అయినా మా అందరి ముఖాలూ చిన్నబోయాయి. గంటన్నర సేపు ఆ రాజుల గోడలు చూసి మెచ్చుకున్నాము. ఆ రాజు సేనలను ఎదిరించిన మన తల్లి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల అడగకపోతే మేమూ ఎత్తేవాళ్ళం కాదు. ముందు ఆ తప్పు మాదే.

వేలేరుపాడు వైపు నుంచి వచ్చిన మా అవ్వ అప్పుడు ముందుకు వచ్చింది. "నేను చెప్తా, కూకోండి" అంది. తోరణం నీడలో అందరం కూర్చున్నాము. గైడూ కూర్చున్నాడు.

అవ్వ కోయ బాసలో మొదలుపెట్టింది. పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కోయదొరకు అడవిలో దొరకడం, ఆ పాప పెరిగి మేడారం ఏలే పగిడిద్దరాజుకు భార్య కావడం, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టడం. వరసగా కరువు వచ్చి కప్పం కట్టలేమంటే ప్రతాపరుద్రుడి సేనలు మేడారం మీదికి రావడం. సంపెంగ వాగు దగ్గర పోరు. పగిడిద్దరాజు, సారలమ్మ, ఆమె భర్త గోవిందరాజు అందరూ నేలకొరగడం, జంపన్న వాగులో దూకి ప్రాణం విడవడం. ఆ వాగు అప్పటి నుంచి జంపన్న వాగైంది. చివరికి వెన్నుపోటు పడిన సమ్మక్క నెత్తురు కారుతుండగా చిలకలగుట్ట వైపు నడిచిపోవడం, వెతకబోయిన వాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరకడం.

అవ్వ చెబుతూ ఉంటే మేము గమనించిన సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. మన పిల్లల్లో సగానికి పైగా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు బాస అర్థం కాలేదు. కుకునూరు కుర్రాడు ఒకడు పక్కన నిలబడి తెలుగులో చెబుతూ పోయాడు. మన తల్లి కథను మన బిడ్డలకు మన మధ్యనే కూర్చోబెట్టి తర్జుమా చేయాల్సి వచ్చింది. గైడు చెప్పలేదని బాధపడిన మేము ఇక్కడ ఎవరి మీద బాధపడాలి?

కథ అయ్యాక గైడు లేచి అవ్వ కాళ్ళకు దండం పెట్టాడు. తానూ ఒక మాట చెప్పాడు. రుద్రమదేవి ఎప్పుడు, ఎలా చనిపోయిందో చాలాకాలం చరిత్రకారులకు సరిగా తెలియదట. ఆమె ఇంకా కొన్నేళ్ళు బతికిందనుకునేవారట. నల్గొండ వైపు చందుపట్లలో ఒక శాసనం దొరికింది. ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమకూ తన నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చి, 1289 నవంబరులో ఆ రాయి వేయించాడు. దాని వల్లనే ఆమె మరణం సంగతి బయటపడింది. "మహారాణి చావు కబురు కూడా ఒక మామూలు మనిషి రాయి పాతబట్టి మనకు తెలిసింది. మీ అవ్వ చెప్పిన కథ కూడా అలాంటి సాక్ష్యమే అనుకుంటా. ఇక నా దగ్గరికి వచ్చేవాళ్ళకు మేడారం పేరు ఎత్తకుండా ఈ కోట చూపించను" అన్నాడు.

మన తల్లికి రాయి ఎవరూ పాతలేదు. ఏడు వందల ఏళ్ళు ఆమెను నిలిపింది నోటి మాట, నడక. కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును, కొండాయి నుంచి గోవిందరాజును పూజారులు నడిచి గద్దెల మీదికి తెస్తారు. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి అదే దారి, అదే నడక. డోలీలు పడిగె గుడ్డ విప్పి మన వేల్పుల కథలు పాడతారు. 1996లో మేడారం జాతర రాష్ట్ర పండుగ అయింది. ఓడిపోయిన వాళ్ళ కోసం కోట్ల మంది వస్తున్నారు. గెలిచిన రాజు కోటకు మాత్రం టికెట్టు కొని చూసేవాళ్ళే వస్తారు.

మధ్యాహ్నం గోడ నీడలో అన్నాలు తింటూ అవ్వ అన్న మాటతో అసలు విషయానికి వస్తాము. "ఈ గోడ ఎక్కడికీ పోలేదు బిడ్డా. మా ఊరికి గోడ లేదు. నీళ్ళొస్తే ఏం చూపిస్తాం?" అంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆమె ఇల్లు మునిగింది. పోలవరం మండలంలో మామిడిగొంది, తోటగొంది, దేవరగొంది, చేగొండపల్లి వాళ్ళు ఎప్పుడో ఊళ్ళు వదిలి వచ్చేశారు. జలాశయంలో నీళ్ళు మొదటి దశలో 41.15 మీటర్ల దాకా, పూర్తిగా నిండితే 45.72 మీటర్ల దాకా నిలుస్తాయి. పరిహారం కోసం, భూమికి భూమి కోసం మన పోరాటం సాగుతూనే ఉంటుంది. ఆ పోరాటంతో పాటు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. దాన్ని ఏ ప్రభుత్వమూ మనకు చేసిపెట్టదు.

కాలనీలో పుట్టే బిడ్డకు తన ఊరు చింతచెట్టు ఏదో తెలియదు. విత్తనాల పండుగ ఏ గట్టు మీద చేసేవారో, ఏ రాయి కింద ముత్యాలమ్మ ఉండేదో, ఏ వాగు దాటి ఇప్పపూలకు పోయేవారో తెలియదు. ఈ ద్వారకా తిరుమలలో ఏ చిన్న పిల్లవాడిని అడిగినా ద్వారకముని తపస్సు, పుట్టలో వెలసిన స్వామి కథ గడగడా చెబుతాడు. పెద్దలు మెట్లెక్కిస్తూ చెప్పారు గనుక వాడికి వచ్చింది. మన ఊళ్ళకూ అలా చెప్పేవాళ్ళు కావాలి.

అందుకే తిరుగు ప్రయాణంలో బస్సులోనే మేము మూడు పనులు అనుకున్నాము. మీ అందరి అనుమతి కోరుతున్నాము.

ఒకటి, నీళ్ళు పూర్తిగా రాకముందే ముంపు ఊళ్ళలో నడకలు పెడదాము. ఊరి పెద్ద ముందు నడుస్తాడు, పిల్లలు వెనక నడుస్తారు. గుడి, చెట్టు, వాగు, శ్మశానం ప్రతి దాని దగ్గరా ఆగి పేరు, కథ చెప్పిస్తాము. మన కుర్రాళ్ళు సెల్‌ఫోన్లలో రికార్డు చేస్తారు. ఖాళీ అయిన ఊళ్ళకు కూడా దారి ఉన్నంత వరకు పోదాము.

రెండు, ఆ నడకల్లో ముందు కోయ బాసలో చెప్పించి, తరువాతే తెలుగులో చెప్పిద్దాము. ఈ వరస మారకూడదు. కొండరెడ్డి అన్నదమ్ముల ఊళ్ళలో వాళ్ళ పెద్దలు ఎలా చెప్పమంటే అలా.

మూడు, మన పిల్లల్లో ఇష్టమున్న వాళ్ళను గైడులుగా తయారు చేద్దాము. జీలకర్రగూడెం గుంటుపల్లి గుహలు, పెదవేగి దిబ్బలు, గుబ్బల మంగమ్మ తల్లి గుడి, పాపికొండలు, ఇవన్నీ మన చుట్టూనే ఉన్నాయి. వచ్చేవాళ్ళకు మన గురించి ఎవరో చెప్పే బదులు మన బిడ్డే చెప్పాలి.

ఓరుగల్లులో తోరణాల దగ్గర ప్రశ్న అడిగిన ఆ పిల్ల ఈ సభలోనే ఉంది. మొదటి నడకకు తన పేరు ముందే ఇచ్చింది. అవ్వ దగ్గర బాస నేర్చుకుంటానని కూడా చెప్పింది. అవ్వ వేలేరుపాడులో ఉంది, రాలేకపోయింది. కానీ కబురు పంపింది. "వానలు తగ్గాక రండి, వాగు దాటొచ్చు" అని.

వానలు తగ్గగానే పోదాము. పేర్లు ఇవ్వదలచిన వాళ్ళు భోజనాల దగ్గర మన కుర్రాళ్ళకు ఇవ్వండి.

జై ఆదివాసీ. సమ్మక్క సారలమ్మ తల్లులకు జోహార్లు.