కూరగాయల తోటలో తెల్లదోమ – నా అనుభవం



నేను పదో తరగతి వరకే చదివాను. నా బెండతోట ఎట్లా పోయిందో చెప్తాను. మీ తోట పోకుండా ఉంటే నాకదే చాలు.

పోయిన ఎండాకాలం సంఘంలో 5,000 రూపాయలు అప్పు తీసుకుని పది సెంట్లలో బెండ వేశాను. నెల తిరిగేసరికి ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారాయి. బలం చాల్లేదేమో అనుకుని యూరియా వేశా. తగ్గలేదు. దుకాణంలో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టించా. అయినా కాయలు పాలిపోయి, గిడసబారి వచ్చాయి. సంతలో ఎవరూ ముట్టుకోలేదు. రెండు వాయిదాలు కట్టలేక, మీటింగుకు రావాలంటేనే తలవంపుగా ఉండేది.

తర్వాత ఉద్యానశాఖ అమ్మాయి వచ్చి ఒక ఆకు తిప్పి చూపించింది. అడుగున పిండి చల్లినట్టు తెల్లదోమలు! నేను రోజూ నీళ్లు పెట్టాను గానీ ఒక్కనాడూ ఆకు తిప్పి చూడలేదు.

తెల్లదోమను గుర్తుపట్టడం తేలికే. మొక్కను కదిపితే చిన్న చిన్న తెల్లటి పురుగులు గుప్పున లేస్తాయి. వాటి పిల్లలు ఆకు అడుగున అతుక్కుని రసం పీలుస్తాయి. ఆకు మీద జిగురు పడి, దానిపై మసిలాంటి నల్ల బూజు పడుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, ఇది రోగాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. బెండలో పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత దీనివల్లే వస్తాయి. ఆ తెగులు వచ్చిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. నేను పెట్టిన డబ్బు అందుకే మట్టిపాలైంది.

ఇప్పుడు నేను చేసేది ఇది:

వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూస్తా. పసుపు ఈనెల మొక్క కనిపిస్తే ఆ రోజే పీకి కాల్చేస్తా. గట్ల మీద తుత్తురబెండ లాంటి కలుపు ఉండనివ్వను. యూరియా ఎక్కువ వేయను.

పాత డబ్బా రేకులకు పసుపు రంగు వేసి, ఆముదం పూసి, మొక్కల ఎత్తులో కర్రలకు కట్టా. దోమలు వచ్చి అంటుకుంటాయి. రేకు నిండితే తుడిచి మళ్లీ పూయాలి.

దోమ కనపడగానే వేప కషాయం కొడతా. అరకిలో వేపగింజల పప్పు దంచి, మూటకట్టి, పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పిండి వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలిపి, చల్లపూట ఆకు అడుగు తడిసేటట్టు కొట్టాలి. ఒక్కసారితో పోదు. గుడ్లు మళ్లీ పగులుతాయి కాబట్టి వారానికొకసారి, మూడు నాలుగుసార్లు కొట్టాలి. అక్షింతల పురుగులు కనపడితే చంపకండి, అవి దోమ పిల్లల్ని తింటాయి.

ఈసారి తోటలో దోమ అసలు రాలేదని చెప్పను. పదిహేను మొక్కలు పీకాను. మిగతావి కాశాయి. పాత వాయిదాలు రెండూ కట్టేశాను.

అక్కలారా, సంఘం పుస్తకం వారం వారం చూసుకుంటాం కదా. ఆకు కూడా అట్లాగే తిప్పి చూసుకోండి. మందు కొనే ముందు చూడండి. సెలవు.