తుత్త అన్న పిల్లవాడు



పొద్దున ఈ హాలుకు నడిచి వస్తుంటే యానాం నుంచి వచ్చిన మిత్రుడొకరు రూ దుమా, రూ సఫ్రెన్ అని వీధి పలకలు చదువుకుంటూ, ‘ఫ్రెంచి ఉంది, తమిళం ఉంది, మన తెలుగేదండీ?’ అని చిన్నబుచ్చుకున్నారు. యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. అయినా పాలన అంతా ఈ పుదుచ్చేరి గొడుగు కిందే కాబట్టి ఆయనకు ఆ మాట అడిగే హక్కుంది. నేనన్నాను: ‘తెలుగు కావాలంటే కాలువ దాటాలి.’

ఫ్రెంచివాళ్ల వైట్ టౌన్‌కు పడమటి హద్దు ఆ కాలువ. అవతల రంగపిళ్లై వీధి. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగపిళ్లై ఇల్లు అక్కడే ఉంది. 1736 నుంచి ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య చరిత్రకారులకు గని. మనకు కావలసింది మరొకటి. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చి, ఆనందరంగరాట్ఛందము అని పేరు పెట్టాడు. విద్య, ఇంజనీరింగ్, స్పీచ్ థెరపీ పరిశోధనల సదస్సులో ఛందస్సు గొడవేమిటని కొందరు పక్కవాళ్ల ముఖాలు చూస్తున్నారు. వస్తున్నాను.

నేను ఇంజనీరును కాను, థెరపీ చదువుకోలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. రెండో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. కుక్క బొమ్మ చూపిస్తే ‘తుత్త’ అనేవాడు. కాకి ‘తాతి’. క్లాసంతా నవ్వేది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నేనూ నవ్వేవాణ్ణి. వాళ్ల నాయనమ్మను పిలిపిస్తే, ‘పసితనంలో వస సరిగా పొయ్యలేదు మాస్టారూ’ అని తప్పంతా తన మీదే వేసుకుంది. నోటి పరీక్షలో వాడికి సున్నా వేశాను. పలక మీద రాయమంటే మాత్రం చక్కగా ‘కుక్క’ అనే రాశాడు. ఒకరోజు ఆటపట్టిద్దామని నేను కూడా ‘అదుగోరా తుత్త’ అన్నాను. వాడికి ఎక్కడలేని కోపం వచ్చింది. ‘తుత్త కాదు మాస్టారూ, తుత్త!’

చాలా ఏళ్ల తరువాత తెలిసింది, నాకు ఎదురైనది పుస్తకాలకెక్కిన సంగతేనని. జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అనే పరిశోధకులు 1960లో ఇంగ్లీషు మాట్లాడే ఒక పిల్లవాడి ముచ్చట రాశారు. చేపను ‘ఫిస్’ అనే ఆ పిల్లవాడు, పెద్దవాళ్లు ‘ఫిస్’ అంటే ఒప్పుకోలేదట. చెవికి తేడా తెలుసు. నాలుకే ఇంకా అక్కడికి చేరలేదు. నేను సున్నా వేసింది నాలుకకా, చదువుకా?

ఇప్పుడు రంగకవి దగ్గరకు వద్దాం. ‘కుక్క’కు గణం కట్టండి: గురువు, లఘువు. ‘తుత్త’కు కట్టండి: మళ్లీ గురువు, లఘువు. ద్విత్వం చెక్కుచెదరలేదు, మాట బరువు తగ్గలేదు. వర్ణమాల పట్టిక తెరవండి. ‘క’ తన వరుసలో మొదటిది, ‘త’ తన వరుసలో మొదటిది. అంటే నిలువు వరుస మారలేదు, అడ్డు వరుస ఒక్కటే మారింది. గొంతు దగ్గర పుట్టవలసిన ధ్వనిని వాడు పళ్ల దగ్గరకు తెచ్చుకున్నాడు, అంతే. బడిలో మేం కంఠస్థం చేయించే ఆ పట్టిక నిజానికి నోటి పటం. దాన్ని పటంగా చూపించకుండా జాబితాగా వల్లె వేయించాం. వాడి నోట్లో జరిగిందంతా ఆ పటం మీద వేలు పెట్టి చూపించవచ్చునని తెలుగు మాస్టారినైన నాకే తట్టలేదు.

ఇదే ‘తుత్త’ను నేటి ఇంజనీరు చేతిలో పెట్టి చూడండి. మాటను గుర్తించే యంత్రాల చరిత్రలో మనవాడి పేరు పెద్దది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, ఆ తరువాత కార్నెగీ మెలన్‌లో జీవితమంతా యంత్రానికి వినడం నేర్పారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. గ్రామీణ పిల్లల కోసం 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలకు చాన్సలర్‌గానూ పనిచేశారు. ఆ యంత్రాలు ఇప్పుడు తెలుగూ వింటున్నాయి. కాని వాటికొక గుణముంది. విన్న ధ్వనితో పాటు ఏ మాట తరువాత ఏ మాట రావడం సహజమో కూడా లెక్క చూసుకుంటాయి. ‘తుత్త మొరిగింది’ అని పిల్లవాడు అంటే, మంచి యంత్రమైతే మర్యాదగా ‘కుక్క మొరిగింది’ అని రాసిపెడుతుంది. తప్పుల శాతం తగ్గిందని ఇంజనీరు సంబరపడతాడు. థెరపిస్టు తల పట్టుకుంటుంది. ఆమెకు కావలసింది ఆ తప్పే. నిరుటికీ ఇప్పటికీ వాడి ‘క’ ఎంత వెనక్కు జరిగిందో ఆమె చూడాలి. యంత్రం దాన్ని దిద్ది చెరిపేసింది. ఒకరి గెలుపు ఇంకొకరి నష్టమయ్యే చోట ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే ఎలా?

థెరపిస్టులనూ వదలను. ఇంగ్లీషులో ఉచ్చారణ పరీక్ష పెట్టేవారు ఒక్కో హల్లును మాట మొదట్లో, నడుమ, చివర చూస్తారు. ఇంగ్లీషుకది సబబే. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. చివరి గడి ఖాళీగా ఉండకూడదని ఎవరైనా బస్, పెన్ బొమ్మలు పెట్టారనుకోండి, మన పిల్లలు నిక్షేపంగా బస్సు, పెన్ను అంటారు. పరీక్షించవలసింది గడికీ గడ్డికీ తేడా, కలకూ కాలకూ తేడా. దానికి ఛందస్సు చదివినవాళ్ల సాయం అడగవచ్చు. మాకు ఇప్పుడు పెద్ద పనులేమీ లేవు.

ఇంకో చిక్కుంది. కొన్ని ఇళ్లలో నీళ్లను ‘నీల్లు’ అంటారు. అది నాలుక లోపం కాదు, ఆ ఇంటి తెలుగు. ఆ ఇంటి పిల్లను థెరపీకి పంపితే మనం చికిత్స చేస్తున్నది వాళ్ల అమ్మకు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశానికి పూనుకున్నప్పుడు మాటల కోసం రైతుల దగ్గరకు వెళ్లారు. 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటం అలా పుట్టిందే. పిల్లల మాటకు అలాంటి పని జరగాలి. ఏ జిల్లాలో, ఏ ఇంట్లో, ఏ వయసుకు ఏ ధ్వని పలుకుతుందో రికార్డు చేసి, దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టు రాసి దాచాలి. ఇంజనీర్లకు అదే ముడిసరుకు, థెరపిస్టులకు అదే కొలబద్ద. రికార్డు చేయగల చోటు మాత్రం బడే.

ఇలా కలిసి పనిచేయడం కొత్త కాదు. ఈ వీధులకు పేర్లు పెట్టిన దేశంలోనే రూసెలో అనే ధ్వని శాస్త్రవేత్త యంత్రాలతో మాటను గీతలుగా గీయించి పరీక్షించేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న సుజాన్ బొరెల్ మెజోనీ, గ్రహణం మొర్రికి శస్త్రచికిత్స చేసే విక్తోర్ వో దగ్గరికి 1926లో చేరింది. కుట్లు వేసినంత మాత్రాన మాట రాదు గదా. ఆమె పనిలోంచే అక్కడి స్పీచ్ థెరపీ, అంటే వాళ్ల ఆర్తొఫొనీ, ఒక వృత్తిగా ఎదిగింది. మన దగ్గర విశాఖపట్నంలో టార్పెడోల మీద పనిచేసే నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంటు రూపకల్పనకు పూనుకుంది. ఆరోగ్యశ్రీ కింద ఎందరో పిల్లలకు ఆ శస్త్రచికిత్స జరిగింది. కాని ఇంప్లాంటు చెవికి సంకేతాన్ని అందిస్తుంది, ఆ సంకేతం ‘అమ్మ’ అని నేర్పదు. నేర్పవలసింది నెలల తరబడి థెరపిస్టు, ఏళ్ల తరబడి టీచరు.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బళ్లు పెట్టి, వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు. ఆ కొండల్లో పట్టిన మలేరియాకు వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఆ తరువాతే 1931లో సవర భాషా బోధిని, 1938లో నిఘంటువు వచ్చాయి. ధ్వనులను పట్టుకోవడం కోసం బతికిన మనిషికి వినబడకపోవడం ఎలాంటిదో నేను ఊహించలేను. ఆయనది విద్యా విభాగమా, భాషాశాస్త్రమా అని ఎవరూ అడగలేదు. అడిగినా ఆయనకు వినబడేది కాదేమో!

దుబాసీ అంటే రెండు భాషలవాడు. ఈ ఊళ్లో డూప్లే అంతటివాడికీ అతను లేకపోతే పొద్దు గడిచేది కాదు. మన మూడు శాఖల నడుమ ఆ పనికి ఎవరినీ నియమించలేదు కాబట్టి, ఈ సదస్సు అధ్యక్షుడిగా నాకున్న కొద్దిపాటి అధికారంతో ఒక నియమం పెడుతున్నాను. ఇంజనీరింగ్ పత్రానికి మొదటి ప్రశ్న బడిపంతుళ్లు అడగాలి. థెరపీ పత్రానికి ఇంజనీర్లు అడగాలి. విద్య మీది పత్రానికి థెరపిస్టులు. ఎవరికీ ప్రశ్న తోచకపోతే పత్రకర్త తన మాటను మామూలు తెలుగులో మళ్లీ చెప్పాలి, భోజనం కాస్త ఆలస్యమైనా సరే. మొదటి పత్రం ఇంజనీరింగ్‌ది. మైకు ఎడమవైపు, ఆ మూడో వరుసలో చీటీలు రాసుకుంటున్న టీచరమ్మకు ఇవ్వండి.