రాని టాబ్లెట్ మీద ఎన్ని ఆశలో

2010 జూలైలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఒక టాబ్లెట్ నమూనా చూపించి, ధర 35 డాలర్లే అన్నారు. అంటే సుమారు పదిహేను వందల రూపాయలు. అదే ఏడాది వచ్చిన ఐప్యాడ్ ధర 499 డాలర్లు మరి! ఇక ఊహాగానాలకు అడ్డేముంది? పుస్తకాల సంచి అక్కర్లేదన్నారు, పల్లె బడికి పట్నం పాఠం వస్తుందన్నారు.

2011 అక్టోబరు 5న అది ‘ఆకాశ్’ పేరుతో విడుదలైంది. డేటావిండ్ కంపెనీది, బిగింపు జరిగింది మన హైదరాబాదులోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. తెర ఒత్తిడితో పనిచేసే రకం, వేలు గట్టిగా నొక్కాల్సిందే. ఇంటర్నెట్ వైఫై ఉంటేనే. వైఫై లేని ఊళ్లకూ చేరాలనుకున్న వస్తువుకు వైఫై షరతు పెట్టడం నాకైతే వింతగానే తోచింది. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2 కొంత నయం: వేగం పెరిగింది, తెర మెరుగైంది.

జహీరాబాద్ దగ్గరి మొగుడంపల్లి లాంటి చోట లెక్క వేరు. కర్ణాటక సరిహద్దు పక్కనే. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. ఇక్కడి పిల్లలకు ప్రాసెసర్ వేగం కన్నా తమ భాషలో పాఠం ముఖ్యం. తమ మాట తామే చెప్పుకోవడం ఇక్కడ కొత్త కాదు: జహీరాబాద్ ప్రాంతంలోనే, మాచునూరులో, 2008లో సంఘం రేడియో మొదలైంది. పల్లె ఆడవాళ్లే మైకు పట్టి సేద్యం, విత్తనాల ముచ్చట్లు రికార్డు చేశారు. చెప్పే మాట వాళ్ల దగ్గర ముందే ఉంది, పరికరం తర్వాత వచ్చింది.

రేపు మరో చవక టాబ్లెట్ వస్తుందని వింటే, ధరతోపాటు మూడు అడగండి: నెట్ లేకుండా పాఠాలు తెరుచుకుంటాయా, ఒకసారి చార్జింగుతో బడి పూట గడుస్తుందా, పాడైతే జహీరాబాద్‌లో బాగుచేసేవాళ్లున్నారా?