ఆమె అసలు పేరు జీనా
(మహిళా దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)



2022 సెప్టెంబర్ 16న టెహ్రాన్‌లో 22 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. తలగుడ్డ సరిగా కప్పుకోలేదని మూడు రోజుల ముందు పోలీసులు పట్టుకుపోయిన అమ్మాయి. పత్రికలన్నీ ఆమెను మహ్సా అమీనీ అన్నాయి. అది ప్రభుత్వ కాగితాల్లోని పేరు. కన్నవాళ్లు పిలుచుకున్న కుర్దిష్ పేరు జీనా. ఒక్క మనిషికి ఈ రెండు పేర్లెందుకు?

కుర్దులు మూడు కోట్లకు పైనే ఉంటారని అంచనా. తుర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల మధ్య చీలిపోయిన జాతి. 1920 నాటి సెవ్ర్ ఒప్పందం వాళ్లకు స్వయంపాలన ఆశ చూపింది. 1923 లోసాన్ ఒప్పందంలో వాళ్ల ఊసే లేదు. తుర్కీ పాలకులు వాళ్లను 'కొండ తుర్కులు' అన్నారు. తుర్కు అక్షరమాలలో లేని అక్షరాలున్నాయని పిల్లల పేర్లు కూడా నమోదు చేయలేదు.

1991లో పార్లమెంటుకు ఎన్నికైన లైలా జానా, ప్రమాణం చివర రెండు జాతుల సోదరభావం కోసం ఒక్క వాక్యం కుర్దిష్‌లో పలికింది. సభ దద్దరిల్లింది. 1994లో వేర్పాటువాదులతో సంబంధాలున్నాయంటూ ఆమెను అరెస్టు చేశారు. పదేళ్లు జైల్లో ఉంచారు.

మరి బడిలో, కచేరీలో చోటు లేని భాష ఎలా బతికింది? ఇంట్లో తల్లుల నోట, దెంగ్‌బేజ్‌లనే గాయకుల గొంతులో బతికింది. గాయని ఆయ్షె షాన్‌కు అడ్డంకులు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఆడది పాడటమేమిటన్నారు ఇంటివాళ్లు. కుర్దిష్‌లో పాడటమేమిటంది రాజ్యం.

ఈ రెండో సంకెల తెగితే మొదటిది దానంతటదే తెగుతుందా? తెగదు. ఇరాకీ కుర్దిస్తాన్‌కు స్వయంపాలన 1991 తర్వాత దక్కింది. గృహహింసకు, ఆడపిల్లల జననాంగాల కోతకు వ్యతిరేకంగా చట్టం మాత్రం 2011లో గాని రాలేదు. దాని కోసం స్త్రీలు తమ పాలకులతోనే పోరాడవలసి వచ్చింది. 2017 ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడ 92 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరారు. బాగ్దాద్ ఒప్పుకోలేదు. ఆ ఆశ న్యాయమైనదే. కాని ఆ ఆశలో స్త్రీ వాటా ఎంతని అడిగే హక్కు కుర్దు స్త్రీలకుంది, వాళ్లు అడుగుతున్నారు.

జీనాను సొంతూరు సఖెజ్‌లో పూడ్చిన రోజున స్త్రీలు తలగుడ్డలు తీసి 'జిన్, జియాన్, ఆజాదీ' అని నినదించారు. స్త్రీ, జీవితం, స్వేచ్ఛ. తుర్కీలోని కుర్దు స్త్రీల ఉద్యమంలోంచి వచ్చిన ఆ మాటలు ఇరాన్ అంతటా మార్మోగాయి. నిషేధించిన భాషే అందరికీ నినాదమిచ్చింది.

కనుక మిత్రులారా, మనం ఆమెను తలచుకునేటప్పుడు జీనా అనే పిలుద్దాం.