పొయ్యిమీది కుండ

ప్రతి దేశమునందును విందులలో గానరాక, ఇంటింట వండుకొనెడి వంట యొకటి యుండును. దానిని వర్ణించి చెప్పుకొను అలవాటు ఆ యింటివారికి ఉండదు. కాని పరదేశమునకు బోయినపుడు మొట్టమొదట తలపునకు వచ్చునది అదియే. మనకు పప్పుచారు ఎట్టిదో, ఫ్రాన్సు దేశపు గృహస్థులకు 'పోతోఫో' అట్టిది. ఆ మాటకు 'పొయ్యిమీది కుండ' అని అర్థము. ఎద్దు మాంసమును, ఎముకలను, క్యారెట్టు, టర్నిప్, ఉల్లి మొదలగు కాయగూరలను ఒకే పాత్రయందు చేర్చి, సన్నని సెగపై గంటల తరబడి కాచిన సూపు అది. దానిని వండెడి విధమును, అందు నిజముగ నున్న బలమెంత, మనము ఊహించుకొనెడి బలమెంత అను విషయమును శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మన శ్రోతలలో ఈ మాంసమును భుజించువారును గలరు, ముట్టనివారును గలరు. మన రెండు రాష్ట్రములలోను ఆవును వధించుట 1977 నాటి చట్టముచే నిషిద్ధము. దున్న మాంసముతోను, పొట్టేలు మాంసముతోను ఈ సూపును ఇదే పద్ధతిని చేసికొనవచ్చును. హైదరాబాదు పెండ్లి విందులలో వడ్డించెడి మరగ్ ఇట్టిదే. మాంసమును ఎముకతోగూడ నిదానముగ కాచి రసము దీయుటయే దానికిని మూలము. మాంసము ముట్టని యిండ్లవారికి సైతము కాయగూరలను గూర్చియు, వండినదానిని నిలువయుంచుటను గూర్చియు చెప్పబోవు మాటలు ఉపయోగపడునని నమ్ముచున్నాము.

మొదట మాంసమును ఎంచుకొనుట. దీనికి ఖరీదైన మెత్తని మాంసము పనికిరాదు. పశువు ఏ కండలతో నడచునో, ఏ కండలతో బరువు మోయునో ఆ కండలే కావలెను. కాలి పిక్క, భుజము, ప్రక్కటెముకల మీది మాంసము శ్రేష్ఠము. ఈ భాగములు గట్టివగుటచే అంగడిలో చౌకగ దొరకును. వీనిలో కండపోగులను కట్టియుంచెడి కొల్లాజెన్ అను పదార్థము మెండు. నీటిలో మెల్లమెల్లగ కాగినకొలది అది కరిగి జిలటినుగ మారును. సూపునకు పెదవులకు అంటుకొనునట్టి చిక్కదనము కలుగుటయు, చల్లారినపుడు అది గడ్డకట్టుటయు దానివలననే. ఈ మార్పునకు ఉష్ణముకంటెను కాలము ముఖ్యము. సెగ పెంచినంతమాత్రమున పని త్వరగ ముగియదు. పెనుసెగపై కండపోగులు బిగుసుకొని, తమలోని నీటిని వెలికి నెట్టివేసి, పీచువలె నగును. వంట చేయువారు 'ఎంత ఉడికించినను మెత్తబడలేదు' అని వాపోవుటకు తరచుగ కారణమిదియే.

ఆరుగురికి సరిపోవు సూపునకు ఒక కిలో మాంసము, అరకిలో ఎముకలు, మూడున్నర లీటర్ల నీరు కావలెను. మాంసమును చిన్న ముక్కలుగ కోయరాదు. రెండు మూడు పెద్ద ముక్కలుగ నుంచి, విడిపోకుండ దారముతో కట్టవలెను. చన్నీటిలోనే మాంసమును, ఎముకలను వేసి పొయ్యిమీద పెట్టవలెను. నీరు నెమ్మదిగ కాగుచుండగ మాంసములోని కొన్ని మాంసకృత్తులు నీటిలోనికి దిగి, వేడికి గడ్డకట్టి, బూడిదరంగు తెట్టుగ పైకి తేలును. దానిని గరిటెతో ఓపికగ తీసివేయవలెను. తొలి అరగంట ఈ పనికే కేటాయించినచో సూపు తేటగ నుండును. తెట్టు నిలిచిన పిమ్మట రెండు చిన్న చెంచాల ఉప్పు వేయవలెను. సూపు ఇగిరినకొలది ఉప్పదనము పెరుగును గావున మిగిలినది చివర సరిచూచుకొనుట మేలు.

అటుపిమ్మట సెగను బాగుగ తగ్గించవలెను. పాత్రలోని నీరు తెర్లరాదు. ఉపరితలమున ఇక్కడొకటి అక్కడొకటిగ బుడగ పైకి వచ్చుచుండవలెను. తెర్లినచో కొవ్వు సూక్ష్మ బిందువులుగ విడిపోయి నీటిలో కలిసి, సూపు మడ్డిగ తయారగును. ఇట్లు కనీసము మూడు గంటలు కాగవలెను. దున్న మాంసము ముదురుదైనచో ఇంకొక గంట పట్టవచ్చును. సూదియో, సన్నని కత్తికొనయో గ్రుచ్చిన ఎదురులేక దిగినపుడు మాంసము ఉడికినదని గ్రహింపవలెను.

సువాసన కొరకు ఫ్రెంచి గృహిణులు ఒక ఉల్లిపాయకు రెండు మూడు లవంగములు గ్రుచ్చి మాంసముతోబాటే వేయుదురు. ఇంకొక ఉల్లిపాయను అడ్డముగ రెండు చెక్కలు చేసి, కోసిన ముఖము నల్లబడువరకు పెనముపై కాల్చి వేయుదురు. సూపునకు తేనెరంగు వచ్చుట దానివలననే. పార్‌స్లీ కాడలు, థైము రెమ్మలు, బే ఆకు ఒక కట్టగ కట్టి అందు విడుతురు. మనకు కొత్తిమీర కాడలు, నాలుగైదు మిరియపు గింజలు చాలును. మసాలా దట్టించినచో రుచికరమైన వేరొక వంటకము తయారగునే గాని ఈ సూపు కాదు.

ఇక కాయగూరలు. వానిని మాంసముతోబాటు మొదటనే వేయుట పలువురు చేయుచుండు పని, అది తగదు. మూడు గంటలు కాగిన క్యారెట్టునకు రుచియుండదు, ఆకారముండదు. అందలి సి విటమిను వేడికి చాలవరకు నశించును. మాంసము దాదాపుగ ఉడికిన పిమ్మట, దించుటకు ముప్పావుగంట ముందు, నాలుగు క్యారెట్టులను, మూడు టర్నిప్‌లను పెద్దముక్కలుగ చేసి వేయవలెను. టర్నిప్‌ను హైదరాబాదువారు శల్గమ్ అందురు. ఫ్రెంచివారు తప్పక వేసెడి లీకు అను ఉల్లిజాతి కూర మనకు దొరకనిచో ఉల్లికాడలను కట్టగ కట్టి చివరి పది నిమిషములు వేసిన చాలును. బంగాళాదుంపలను వేరుగ ఉడికించుకొనవలెను. లేనియెడల వాని పిండి సూపును మడ్డిచేయును. క్యాబేజీ వాసన తక్కిన రుచులను మ్రింగివేయును గావున దానినిగూడ వేరుగనే ఉడికించుదురు. మూలుగ ఎముకలను పలుచని గుడ్డలో మూటకట్టి కడపటి అరగంటలో వేసినచో మూలుగ కరిగి నీటిపాలు గాక ఎముకలోనే నిలుచును.

వడ్డనకు సైతము ఒక క్రమము గలదు. తొలుత వడగట్టిన సూపును కాల్చిన రొట్టెముక్కలతో గిన్నెలలో పోయుదురు. మూలుగను రొట్టెపై రాచి, కాస్త గల్లుప్పు చల్లుకొందురు. తరువాత మాంసమును కోసి, కాయగూరల నడుమ పెద్ద పళ్లెములో నుంచి, ఆవపిండి ముద్దతోను, ఊరవేసిన చిన్న దోసకాయలతోను తిందురు. మిగిలిన మాంసమును మరునాడు ఉల్లిపాయలతో వేయింతురు. లేదా చిదిమి బంగాళాదుంప ముద్దతో కలిపి కాల్తురు. ఒక్కనాటి కట్టెలతో రెండు మూడు పూటల భోజనము సమకూర్చుకొనుట ఈ కుండయందలి గృహనీతి.

ఇంతవరకు వంట. ఇక బలమును గూర్చి. మాంసమును గంటల తరబడి కాచినచో దాని సారమంతయు నీటిలోనికి దిగునని, మిగిలినది పిప్పియని లోకమున ఒక గట్టి నమ్మకము గలదు. ఇది మన దేశమునకే పరిమితము కాదు. 18వ శతాబ్దిలో పారిస్ నగరమున 'రెస్టారెంటు' అనగా భోజనశాల కాదు, బలహీనులకు సత్తువ నిచ్చునని అమ్మెడి మాంసరసము. ఆ రసమును అమ్మిన అంగడికే తరువాత ఆ పేరు స్థిరపడినది. అంతకు పూర్వమే, 1679లో డెనీ పాపెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆవిరిని బంధించి గట్టి ఎముకలనైనను మెత్తపరచెడి పాత్రను కనిపెట్టెను. నేటి ప్రెషరు కుక్కరునకు మూలపురుషుడు అదియే.

ఆ దారినే 19వ శతాబ్ది తొలి దశాబ్దములలో దార్సే అను రసాయనజ్ఞుడు ఎముకలనుండి జిలటిను దీసి, దానితో సూపు చేసి పేదలకును, ఆసుపత్రులలోని రోగులకును పోయించు పద్ధతిని ప్రచారము చేసెను. పారవేయు ఎముకలతో ఆకలి తీరునన్న ఆశ గొప్పది. కాని ఆ సూపు త్రాగినవారికి సత్తువ చిక్కుట లేదను సందేహము పెరిగినది. విషయమును విచారించుటకు ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు మజాంది అను శరీరశాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున ఒక సంఘమును నియమించినది. కేవలము జిలటిను తినిపించిన కుక్కలు బ్రతుకజాలవని ఆ సంఘము 1841లో నివేదించినది. కారణము చాలకాలమునకు గాని తెలియలేదు. 1901లో ఇంగ్లండులో హాప్కిన్స్, కోల్ అను శాస్త్రజ్ఞులు ట్రిప్టోఫాన్ అను పదార్థమును వేరుపరచిరి. మన దేహము దానిని తనంతట తాను తయారుచేసికొనజాలదు, ఆహారమునుండియే పొందవలెను. జిలటినులో అది బొత్తిగ లేదు.

రోగులకు సేవచేసి ప్రఖ్యాతి గాంచిన ఫ్లారెన్స్ నైటింగేల్ సైతము తన పరిచర్యా గ్రంథమున ఈ భ్రమను ఖండించినది. మాంసపు కషాయమును ఇగురబెట్టి అడుగున మిగులు ఘనపదార్థమును చూడుడనియు, అరపైంటు నీటికి అది ఒక చిన్న చెంచాడైన నుండుట కష్టమనియు ఆమె హెచ్చరించెను. ఐనను రోగికి అది హితవుగ నుండు గుణమును ఆమె కాదనలేదు.

అది ఈనాటికిని సరియైన తూకమే. వేడి సూపు నోటికి రుచి పుట్టించును. నీరును, ఉప్పును దేహమునకు అందించును. నమలలేనివానికి గొంతు దిగును. కాయగూరల నుండి నీటిలోనికి దిగిన కొన్ని విటమినులును, లవణములును పారబోయబడక అందులోనే యుండును. కాని ఉడికిన మాంసము 100 గ్రాములలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉండగ, వడగట్టిన సూపు ఒక గిన్నెలో నుండునవి కొద్ది గ్రాములు మాత్రమే. రక్తమునకు కావలసిన ఇనుము సైతము అధికభాగము మాంసమునందే నిలుచును. ఎముకలలోని సున్నము నీటిలోనికి దిగునది మిక్కిలి స్వల్పము.

కావున పథ్యమునందున్నవానికి తేటనీరు వంటి సూపును పోసి, మాంసమును, కూరలను ఇతరులు తినుట రోగికి చేయు ఉపచారము కానేరదు. నమలలేనిచో మాంసమును మెత్తగ నూరి, కాయగూరలను చిదిమి సూపులోనే కలిపి ఇయ్యవచ్చును. మూత్రపిండముల వ్యాధి, రక్తపుపోటు, గౌటు గలవారు మాత్రము వైద్యుని అడిగి పుచ్చుకొనవలెను. ఇంకొక మాట. అనేక గృహములలో మాంసము పురుషుల పళ్లెములకును, అడుగున మిగిలిన పులుసు వండిన యిల్లాలికిని దక్కుచుండుట మనమెరుగని సంగతి కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత గలదు. దానికి కారణములు అనేకములు. ఒక్క సూపుతో అది తీరునది కాదు. కాని ఎవరి రక్తము తక్కువయో వారి పళ్లెములో మాంసపు ముక్క పడవలెనను నియమమును ఏ వైద్యుడు చెప్పకయే ఇంట పాటించుకొనవచ్చును. మాంసమునకు తోడు నిమ్మరసము పిండుకొన్నచో కూరలలోని ఇనుము దేహమునకు మరింత చక్కగ పట్టును.

చివరిది, మన యెండలకు అన్నిటికంటె ముఖ్యమైనది. మాంసపు సూపు మనకెంత ఇష్టమో సూక్ష్మజీవులకును అంత ఇష్టము. మరుగునీటికి సైతము చావని బీజములు కొన్ని గలవు. పెద్ద పాత్ర మూతతో పొయ్యిమీదనే రాత్రియంతయు గోరువెచ్చగ నుండినచో అవి తిరిగి మొలకెత్తి, తెల్లవారుసరికి ఇంటిల్లిపాదికిని కడుపునొప్పి, విరేచనములు తెచ్చిపెట్టగలవు. వాసనలో మార్పు కానరాకపోవచ్చును. కావున మిగిలిన సూపును వెడల్పు పాత్రలలో పలుచగ పోసి, చన్నీటి పళ్లెరములో నుంచి చల్లార్చి, రెండు గంటలలోపుగ రిఫ్రిజిరేటరులో పెట్టవలెను. మరునాడు పైన తెల్లగ పేరిన కొవ్వును తీసివేయుట సులభము. కావలసినంత మాత్రమే తీసికొని, తెర్ల మరగించి త్రాగవలెను. మాటిమాటికి వెచ్చచేసి చల్లార్చుట మంచిది కాదు. ఆ సదుపాయము లేని యిండ్లవారు ఒక పూటకు సరిపడునంతయే వండుకొనుట క్షేమము.

మూడు గంటలు పొయ్యిచెంత నుండుటకు తీరిక లేనివారు ప్రెషరు కుక్కరులో మాంసమును, ఎముకలను ముప్పావుగంట ఉడికించి, మూత తీసిన పిమ్మట కాయగూరలను వేసి సన్నని సెగపై కాచుకొనవచ్చును. సూపు అంత తేటగ రాకపోవచ్చును గాని రుచికిని, పుష్టికిని లోటుండదు. వండునది ఏ పాత్రయైనను, మాంసమును కూరలను రసముతోబాటు ఇంటనున్న అందరికిని పంచి పెట్టుడు. ఎవ్వరి గిన్నెలోను వట్టి నీరు మాత్రమే మిగులకుండ చూడుడు.